కుడివైపు, కింది దవడ

నాలుకతో దాన్ని ముట్టుకోకూడదనుకుంటూనే ముట్టుకుంటాను. ముట్టుకోగానే దవడ ఎముకలోంచి చెవి వెనక దాకా ఎవరో తీగ పట్టుకుని లాగినట్టవుతుంది, కళ్ళు వాటంతటవే మూసుకుంటాయి, తెరిచేసరికి ఎదురుగా గోడ మీద అదే బొమ్మ, పళ్ళన్నీ కనబడేలా నవ్వుతున్న ఒకావిడ, ఆవిడ పక్కనే గడియారం. పదీ ముప్పై నాలుగు. ఇందాక చూసి పావుగంటైనా అయి ఉంటుందనుకున్నాను, అప్పుడు పదీ ముప్పై రెండు. తలుపు అవతల ఎవరి నోట్లోనో మర తిరుగుతోంది, ఆగుతోంది, మళ్ళీ తిరుగుతోంది. నా పక్కన అత్తయ్య. పొద్దున బయలుదేరేటప్పుడు ఒక్కటే మాట అంది, "నీ ఇష్టం. రేపు నన్నేమీ అనొద్దు." ఆ తర్వాత బస్సులో నోరు విప్పలేదు. అలాగని ఇంట్లో ఉండిపోనూ లేదు, నాకంటే ముందే చెప్పులేసుకుని గుమ్మం దగ్గర నిలబడింది. ఇప్పుడు చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకుని నేల వైపు చూస్తోంది. కోపంగా ఉందా, భయంగా ఉందా అన్నది ఆవిడ మొహంలో నాకు ఏనాడూ తెలియలేదు, ఎనిమిదేళ్ళుగా ఒకే ఇంట్లో ఉంటున్నాం, ఆవిడకు రెండింటికీ ఒకటే మొహం. కుడి చెంప మీద చెయ్యి పెట్టుకుంటే చెయ్యి వేడెక్కుతోంది. రెండో చెయ్యి పొట్ట మీద. ఇరవై నాలుగో వారం. పొద్దున లేచినప్పుడు ఒకసారి కదిలాడు, లేదా కదిలింది, ఆ తర్వాత లేదు. నిద్రపోతుంటాడు. వాళ్ళు కూడా నిద్రపోతారట. నిద్రే అయి ఉంటుంది.

ఈ లెక్కలు నాకు కొత్త కాదు. నాలుగేళ్ళ క్రితం కూడా ఇలాగే వారాలు లెక్కపెట్టుకున్నాను, ఇరవై ఆరో వారం దాకా వచ్చాను. బస్ స్టేషన్‌లో మైకు ముందు కూర్చుని, "పదకొండో నంబరు ప్లాట్‌ఫారం మీద నిలిచి ఉన్న బస్సు మరికొద్ది" అనేదాకా చదివాను, "సేపట్లో" అనే ముందే కుర్చీ తడిసిపోయింది. మైకు ఆపడం మర్చిపోయాను. నేను అమ్మా అన్న అరుపు పద్నాలుగు ప్లాట్‌ఫారాల మీదా వినబడిందని తర్వాత చెప్పారు. పాప పదకొండు గంటలు ఉంది. గాజు పెట్టెలో, నా అరచెయ్యంత వీపుతో. ఒకసారి ఆవులించింది. అంత చిన్న నోట్లో ఎర్రటి చిగుళ్ళు, వానపాము పిల్లంత సన్నగా, మెరుస్తూ. అంత ఆరోగ్యంగా ఉన్న చిగుళ్ళు నేను ఎవరివీ చూడలేదు. ఆ నెలల్లో నా చిగుళ్ళు రోజూ రక్తం కారేవి. పొద్దున పళ్ళు తోముకుంటే ఉమ్మిన నురుగంతా గులాబీ రంగు, పక్కమీద తలగడ గలీబు అంచున చిన్న మరకలు. పేస్టు వాసనకే వాంతి వచ్చేది, అందుకని నీళ్ళు పుక్కిలించి ఊరుకునేదాన్ని. ఎవరిని అడిగినా, కడుపుతో ఉన్నప్పుడు అంతేనమ్మా, కాన్పయితే అవే సర్దుకుంటాయి అన్నారు. సర్దుకున్నాయి కూడా. పాప పోయాక నెల తిరిగేసరికి రక్తం తగ్గిపోయింది. నోరు బాగుపడింది, ఇంట్లో ఉయ్యాల కట్టడానికి బిగించిన కొక్కెం మిగిలింది. మూడు వారాల క్రితం నెలవారీ చూపించుకోవడానికి వెళ్ళినప్పుడు అక్కడి గోడ మీద ఒక కాగితం అంటించి ఉంది, కడుపుతో ఉన్నవాళ్ళు పళ్ళ డాక్టరుకు కూడా చూపించుకోవాలని, చిగుళ్ళు పాడైనవాళ్ళలో కొందరికి నెలలు నిండకుండానే కాన్పయ్యే అవకాశం ఉందని. నా వంతు వచ్చినా లేవలేదు. ఆ కాగితాన్ని నాలుగుసార్లు చదివాను. నాలుగోసారికి అక్షరాలు అలుక్కుపోయాయి. ఇంటికొచ్చి ఎవరికీ చెప్పలేదు. ఏమని చెప్తాను? బ్రష్షు పట్టుకోవడానికి బద్ధకించి బిడ్డను పోగొట్టుకున్నానని చెప్పనా?

గడియారం పదీ నలభై. లోపలి నుంచి ఒక పెద్దాయన చెంప పట్టుకుని బయటికొచ్చాడు, నా పొట్ట చూసి దారి ఇచ్చినట్టు పక్కకు తప్పుకున్నాడు, నేను కూర్చునే ఉన్నా సరే. నవ్వొచ్చింది, నవ్వితే దవడ సలుపు. నోరు రెండు వేళ్ళకు మించి తెరుచుకోవడం లేదు ఇప్పుడు. మొదట పన్ను ఒక్కటే, అదీ చల్లనీళ్ళు తగిలితేనే. తర్వాత నమిలితే. ఆపైన ఏమీ చెయ్యకపోయినా. అత్తయ్య లవంగాలు నూరి దూదిలో పెట్టి ఇచ్చింది, రెండు రోజులు తగ్గింది, మూడో రోజు చెంప పొంగింది. పనిలో ఎవరూ గమనించరనుకున్నాను, కిటికీకి నల్లద్దం కదా, లోపల కూర్చునేది నేనొక్కదాన్నే. కానీ నా పని గొంతుతో. ప, బ, మ పలకాలంటే పెదవులు కలవాలి, కలిపితే నొప్పి, కలపకపోతే ప్లాట్‌ఫారం కాస్తా ఫ్లాట్‌హారం అయి కూర్చుంది. కంట్రోలరు తలుపు తీసి, "ఏంటమ్మా, నోట్లో ఏమైనా పెట్టుకుని చదువుతున్నావా?" అన్నాడు. నా చెంప చూశాక గొంతు తగ్గించాడు. "మైకమ్మా, ఇంటికెళ్ళు. బస్సులు ఎక్కడుంటాయో జనానికి కళ్ళున్నాయి, చూసుకుంటారు." డ్రైవర్లందరికీ నేను మైకమ్మనే, నా పేరు తెలిసినవాళ్ళు హాజరు పట్టీ రాసేవాళ్ళు మాత్రమే. ఆ సాయంత్రం ఒళ్ళు కాలింది. కాన్పుల డాక్టరు దగ్గరికి వెళితే ఆవిడ నా దవడ కింద వేలు పెట్టి నొక్కి, "ఎన్నాళ్ళయింది ఇలా? అన్నీ చెప్తారు, ఇది చెప్పరేం? నోరు మీ ఒంట్లోది కాదా?" అని కసిరింది. చీము పట్టిందంది. మందులు మొదలుపెట్టి, ఉత్తరం రాసిచ్చి, రెండు రోజుల్లో ఆ పన్ను తీయించాల్సిందేనంది. ఉత్తరం ఇంటికి తెచ్చి బల్లమీద పెట్టాను. అత్తయ్య ముట్టుకోలేదు. "కడుపుతో ఉండి పన్ను పీకించుకుంటారా ఎవరైనా? కాన్పయ్యాక చూసుకోవచ్చు. ఓర్చుకోవాలి." మా ఆయన ఓడరేవులో క్రేను నడుపుతాడు, పదిహేను రోజులు అక్కడే ఉంటాడు, ఫోన్‌లో అటూ ఇటూ విని, "అమ్మ అలా అంటోంది, డాక్టరేమో ఇలా అంటోంది, నువ్వేమంటావ్?" అన్నాడు. అంత ఎత్తున కూర్చుని టన్నుల బరువులు ఎత్తి దించేవాడు ఈ ఒక్కదాన్నీ ఎత్తలేక నా మీద దించాడు. నేను సరే వెళ్తానన్నాను. అన్నప్పటి నుంచీ, అన్నది నేనే కదా, ఏమైనా అయితే నేనే కదా, అని దవడతో పాటు ఇదీ సలుపుతోంది.

తలుపు తెరుచుకుని నర్సు తల బయటపెట్టింది. "తర్వాత మీరేనమ్మా. ఐదు నిమిషాలు." తలుపు మూసుకుంది. అప్పుడు అత్తయ్య నా మణికట్టు పట్టుకుంది. ఎనిమిదేళ్ళలో ఆవిడ నన్ను అలా పట్టుకోవడం, పాపను తీసుకెళ్ళిన రోజు కాక, ఇదే.

"మీ ఆయనకంటే ముందు ఒకడు ఉన్నాడు నాకు," అంది నేల వైపే చూస్తూ.

ఏమన్నదో ముందు అర్థం కాలేదు.

"ఐదో నెల. ఇలాగే పన్ను. మా అత్తగారు వద్దంటే వద్దంది. నేను వినలేదు, నొప్పి పట్టలేక వెళ్ళి పీకించుకున్నా. మూడో రోజుకి పోయాడు. మగపిల్లాడు. వాడికి చెప్పలేదు, మీ ఆయనకి. ఎవరికీ చెప్పలేదు. నువ్వు విను, ఇంటికి పోదాం పద."

తలుపు మళ్ళీ తెరుచుకుంది. "రండమ్మా."

లేచాను. కాళ్ళు లేచాయంటే సరిగ్గా ఉంటుంది. అత్తయ్య చెయ్యి నా మణికట్టు మీద నుంచి వేళ్ళ దాకా జారి, వేళ్ళ చివర ఒక క్షణం ఆగి, వదిలేసింది. ఆవిడ లాగి కూర్చోబెట్టి ఉంటే కూర్చునేదాన్నేమో. లోపల వెలుతురు ఎక్కువ. డాక్టరమ్మ పొట్టి మనిషి, చిన్న పీట వేసుకుని దాని మీద నిలబడి ఎక్స్‌రే ఫిల్ము చూస్తోంది. నిన్న తీశారు దాన్ని, పొట్ట మీద సీసం పొదిగిన బరువైన గుడ్డ కప్పి. నా పన్ను వేళ్ళ కింద నల్లగా, గోరంత మేర, ఎలుక తవ్విన బొరియలాగా ఉంది. కుర్చీలో నన్ను పడుకోబెట్టి కుడి తుంటి కింద దిండు పెట్టింది, కాస్త ఎడమకు ఒరిగేలా. వెల్లకిలా పడుకుంటే బిడ్డ బరువు రక్తనాళం మీద పడుతుందట, కళ్ళు తిరుగుతాయట. పన్ను సంగతి చూసే మనిషి బిడ్డ బరువు గురించి ఆలోచించింది, దాంతో నాకు ఎక్కడో కాస్త పట్టు దొరికినట్టయింది. ఏం పని చేస్తారు, మొదటి కాన్పేనా అని అడిగింది రాసుకుంటూ. చెప్పాను. పదకొండు గంటలు అని చెప్పాను. రాస్తున్న చెయ్యి ఆగింది. బయట అత్తయ్య చెప్పింది కూడా చెప్పెయ్యాలనిపించింది, ఐదో నెల, మూడో రోజు, మగపిల్లాడు, కానీ అది నాది కాదు, నాకు ఇప్పుడే ఇచ్చింది, ఇంకా వేడిగా ఉంది.

"భయపడుతున్నారు," అంది డాక్టరమ్మ. "భయం ఉండాల్సింది దీన్ని అలా వదిలేస్తే. ఈ వాపు గొంతులోకి దిగితే మీకు ఊపిరి ఆడదు, మీకు ఆడకపోతే లోపలివాళ్ళకీ ఆడదు. మత్తు మీ దవడ వరకే. కడుపుతో ఉన్నవాళ్ళకి ఇచ్చేదే ఇస్తున్నాను. నొప్పి తెలిస్తే చెయ్యెత్తండి, ఆపేస్తాను. సరేనా?"

సరే అన్నాను. సూది దవడ చివర, ఎక్కడో లోపల. పదీ యాభై ఎనిమిది, ఇక్కడ కూడా గడియారం ఉంది. కింది పెదవిలో సగం చీమలు పాకినట్టయి, మొద్దుబారి, ఆపైన లేకుండా పోయింది. నాలుకలో సగం వేరేవాళ్ళది. పొట్ట మీద చెయ్యి ఉంచుకోవచ్చా అని అడగాలనుకున్నాను, అడగకుండానే ఉంచుకున్నాను. కదలడం లేదు. మత్తు అక్కడిదాకా వెళ్ళిందా? వెళ్ళదంది కదా. అత్తయ్య కూడా ఇలాగే నోరు తెరుచుకుని పడుకుందా, అప్పుడు ఇలాంటి దిండు ఎవరైనా పెట్టారా, మత్తు ఇచ్చారా, ఎవరు పీకారో, ఏ కుర్చీలోనో, అప్పుడు ఆవిడ వయసు నా వయసుకంటే పదేళ్ళు తక్కువ ఉండి ఉంటుంది. పట్టకారు పన్నును పట్టుకుంది. తెల్లటి మెరుపు. చెయ్యెత్తాను. ఆపేసింది, మాట తప్పలేదు. చీము ఉన్నచోట మత్తు సరిగ్గా పట్టదట, ఇంకో సూది. మళ్ళీ ఎదురుచూడాలి. మూడో రోజు. మూడో రోజు అంటే శుక్రవారం. శుక్రవారం దాకా నేను నిద్రపోను, పొట్ట మీద చెయ్యి పెట్టుకుని కూర్చుంటాను. లేచి వెళ్ళిపోవచ్చు ఇప్పుడైనా. దిండు పక్కకు తోసి, కాళ్ళు దించి, సగం పెదవితో, వద్దులెండి అని చెప్పి. అలా చెప్తే బయట ఆవిడ ఎలా చూస్తుంది? సంతోషిస్తుందా? ఆవిడ నన్ను ఇంటికి తీసుకెళ్ళి లవంగాలు నూరుతుంది. ఈ వేడి అలాగే ఉంటుంది. నల్లటి బొరియ ఇంకో గోరంత తవ్వుతుంది. ఒకసారి ఊరుకున్నాను. గులాబీ రంగు నురుగు చూసి ఊరుకున్నాను. మళ్ళీ ఊరుకోవడమంటే, ఈసారి తెలిసి ఊరుకోవడం. నేను కాళ్ళు దించలేదు. ఉమ్మి పీల్చే గొట్టం గురగురమని మొదలవగానే లోపల ఒక పోటు, బొడ్డు పక్కన, మళ్ళీ ఒకటి, చప్పుడు నచ్చనట్టు. కళ్ళమ్మట నీళ్ళు కారుతుంటే నర్సు కంగారుగా, "నొప్పా అమ్మా?" అంది. కాదని తల ఊపాలంటే తల కదల్చకూడదు. చెయ్యి అడ్డంగా ఆడించాను.

డాక్టరమ్మ పీట మీద నిలబడి, మోచెయ్యి నా భుజానికి ఆనించి, పట్టకారును అటు, ఇటు, అటు. నొప్పి లేదు, బరువు ఉంది. ఎముకలోంచి మేకు ఊడదీస్తున్న చప్పుడు తలంతా వినబడింది, చెవుల్తో కాదు, లోపలి నుంచి. ఆపైన ఒక్కసారిగా ఖాళీ. ఖాళీలోంచి వెచ్చగా, ఉప్పగా, కుళ్ళిన రుచి ఒకటి, నా ఒంట్లో అలాంటిది ఉందని నమ్మలేనంత చెడ్డ రుచి, గొట్టం గురగురలాడుతూ దాన్నంతా పీల్చేసింది. దవడలో ఇన్ని రోజులుగా బిగబట్టి ఉన్నదేదో వదిలేసింది. "అయిపోయింది," అంది డాక్టరమ్మ. మడిచిన దూదిగుడ్డ ఆ చోట పెట్టి గట్టిగా కొరికి పట్టమంది. "అరగంట నోరు తెరవద్దు. మాట్లాడొద్దు. మైకు ముందు కూర్చునేవాళ్ళకి కష్టమే." చిన్న పళ్ళెంలో నా పన్ను, రెండు కాళ్ళతో, ఒక కాలి చివర బఠాణీ గింజంత పసుపు తిత్తి. రోజూ అన్నం తిన్న పన్ను ఇదా అని చూశాను.

బల్లమీద కాగితం, పెన్ను ఉన్నాయి. మాట్లాడొద్దంది, రాయొద్దనలేదు. కాన్పుల డాక్టరు ఉత్తరం వెనక రాశాను: మొదటి పాప కూడా దీనివల్లేనా? రాశాక చూసుకుంటే అక్షరాలు ఒకటో తరగతి పిల్ల రాసినట్టున్నాయి. డాక్టరమ్మ చదివింది. చేతి తొడుగులు తీసేసి, పీట దిగి, నా ఎదురుగా కూర్చుంది. "తెలియదమ్మా," అంది. "చిగుళ్ళు బాగా చెడినవాళ్ళలో ముందస్తు కాన్పులు కాస్త ఎక్కువ కనబడుతున్నాయి. అంతవరకే తెలుసు. మీ పాప విషయంలో ఇదీ కారణమని నేను చెప్పలేను, ఇంకెవరూ చెప్పలేరు. చెప్తే నమ్మకండి. ఈసారి మాత్రం మీ చిగుళ్ళన్నీ శుభ్రం చేద్దాం, ఇంకో రెండుసార్లు రండి. అది మన చేతిలో ఉంది." నాకు అవునని గానీ కాదని గానీ కావాలి. తెలియదన్నది పట్టుకుని ఎలా నిద్రపోవాలో తెలియదు. కానీ ఆవిడ నా కళ్ళలోకి చూసి చెప్పింది, అబద్ధం చెప్పి పంపించెయ్యలేదు. కాగితం మడిచి పిడికిట్లో పెట్టుకున్నాను.

"ఈవిడతో వచ్చిన పెద్దావిడను పిలువు," అంది నర్సుతో, మందులు ఎలా వెయ్యాలో చెప్పడానికి. అత్తయ్య వచ్చి తలుపు దగ్గరే నిలబడింది. ముందు నా పొట్ట చూసింది, తర్వాత మొహం, ఆ తర్వాత పళ్ళెం. డాక్టరమ్మ ఈ మాత్ర మూడుపూటలా, ఇది నొప్పికి, ఇవాళ మెత్తటివే తినాలి, రేపటి నుంచి గోరువెచ్చటి ఉప్పునీళ్ళు, జ్వరం వస్తే వెంటనే ఫోన్ చెయ్యాలి అని చెబుతుంటే అన్నిటికీ తల ఊపుతూ ఆ పళ్ళెం వైపే చూస్తోంది. చెప్పడం అయిపోయింది. వెళ్ళొచ్చు. అత్తయ్య కదల్లేదు.

"పన్ను పీకితే బిడ్డ పోతుందా, డాక్టరమ్మా?" అంది.

"పోదమ్మా. ఎందుకు?"

"నాకు పోయాడు." ఇన్నేళ్ళూ దాచిన మాటను ఇవాళ రెండోసారి అన్నందుకేమో, ఈసారి నేల వైపు చూడలేదు. "ఐదో నెల. పీకించుకున్న మూడో రోజు. మా అత్తగారి మాట వినకుండా."

డాక్టరమ్మ పెన్ను కింద పెట్టింది. "కూర్చోండి. జ్వరం ఉండేదా అప్పుడు?"

"ఉండేది."

"చెంప వాచిందా?"

"కన్ను మూసుకుపోయింది, ఇటువైపు."

"పీకించుకోవడానికి వెళ్ళే ముందు ఎన్నాళ్ళు అలా ఉన్నారు?"

తలుపు పక్క కుర్చీలో కూర్చున్న అత్తయ్య వేళ్ళు చూసుకుంది. మంగళవారం మొదలైందని అంది. బుధవారం ఒళ్ళు కాలింది. గురువారం ఏమీ తినలేదు. ఆవిడ బొటనవేలు ఒక్కో కణుపు మీదా ఆగుతూ వెళ్ళింది, ఆదివారం దగ్గర ఏదో గుర్తొచ్చినట్టు కాసేపు ఆగింది, మళ్ళీ సాగింది. నేను దూది కొరికి పట్టుకుని చూస్తున్నాను. నా నోటికి తాళం వేసి ఉంది, లేకపోతే అడ్డం పడి ఏదో ఒకటి అనేసి ఆ లెక్క ఆపేసి ఉండేదాన్ని.

"ఎనిమిది రోజులు," అంది అత్తయ్య.

"ఎనిమిది రోజులు జ్వరంతో, చీముతో, ఇంట్లో ఉన్నారా?" డాక్టరమ్మ గొంతు మెత్తబడింది. "ఆ రోజు నేను మిమ్మల్ని చూడలేదు, కాబట్టి ఖాయంగా చెప్పలేను. కానీ పన్ను పీకడం వల్ల అని నేను అనుకోనమ్మా. ఆ ఎనిమిది రోజులు చూడండి. మీరు వెళ్ళడం తప్పు కాదు. మిమ్మల్ని ముందే ఎవరైనా తీసుకెళ్ళాల్సింది."

అత్తయ్య ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. పెదవులు తడుపుకుని, గోడవైపు చూసింది, అక్కడ ఏమీ లేదు. నేను కుర్చీలోంచి లేచి వెళ్ళి ఆవిడ పక్కన నిలబడ్డాను, నా పొట్ట ఆవిడ భుజానికి తగిలింది, ఆవిడ జరగలేదు.

"ఎవరూ రాలేదు," అంది, డాక్టరమ్మతో కాదు, నాతో కూడా కాదు. "ఒక్కదాన్నే వెళ్ళా. మిట్టమధ్యాహ్నం, అంత ఎండలో. కన్ను కనబడక గోడలు పట్టుకుని నడిచా." తలెత్తి నా వైపు చూసింది, కోపమూ కాదు, భయమూ కాదు, గర్వం లాంటిది, ఎనిమిదేళ్ళలో ఆ మొహంలో నాకు అర్థమైన మొదటి సంగతి అది. "నేనే వెళ్ళానే. నేనే నడిచి వెళ్ళా."